ఓడ పగిలిన సొమ్ము: మోటుపల్లి యభయశాసనముపై నొక పరిశీలనము

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లిలో వేయించిన యభయశాసనమును గూర్చి వినని తెలుగు విద్యార్థి యుండడు. దాని కాలము శకవర్షము 1166, క్రోధి సంవత్సరము, అనగా క్రీ.శ. 1244-45. విదేశవర్తకులకు రాజు అభయ మొసగెననియు, సుంకములను నిర్ణయించెననియు, తన్మూలమున ఆంధ్రదేశమున సముద్రవ్యాపారము వృద్ధినందెననియు పాఠ్యగ్రంథములు చెప్పును. విద్యార్థులు పరీక్షలలో దానినే వ్రాయుదురు. మనము మార్కులు వేయుదుము. ఇందు నసత్య మేదియు లేదు. కాని యభయ మనగా దేనినుండి యభయము? తరగతిలో నీ ప్రశ్న వేసినపుడెల్ల "ఓడదొంగలనుండి" యను సమాధానమే నాకు వచ్చుచున్నది. శాసనము చెప్పునది వేఱు. ఆ భయము దొంగలవలన గలిగినది కాదు, రాజులవలన గలిగినది. పెనుగాలికి పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలోని సొమ్మెవరిది యను నొక్క ప్రశ్నపైననే యా శాసనమంతయు నిలిచియున్నది. మన చరిత్రగ్రంథము లీ సంగతిని ఒక వాక్యములో చెప్పి సాగిపోవుచున్నవి. నేనును చాలకాలమట్లే సాగిపోయితిని.

నన్ను మరల నా శాసనమువైపు త్రిప్పినది మాలదీవుల కథ. అబిడ్సులో ఆదివారములందు కాలిబాటలపై పాతపుస్తకములు పఱచి యమ్ముదురు. పరిశోధన చేయువారిలో నా కాలిబాటకు ఋణపడనివారు మన నగరమున నరుదు. అచట నొక యుదయమున, అట్టలూడిన యొక సంపుటము దొరకినది. అది ఫ్రాంసువా పిరార్ద్ దె లవాల్ అను ఫ్రెంచివాని యాత్రాచరిత్రమునకు ఆల్బర్టు గ్రే, బెల్ పండితులు చేసిన యాంగ్లానువాదము. హక్లూత్ సమాజమువారు 1887 మొదలు 1890 వఱకు ప్రకటించినది. పిరార్దు రాజుగాడు, సేనాని గాడు. 1601 మే నెలలో ఫ్రాన్సులోని సెంమాలో రేవునుండి తూర్పుదేశములకు బయలుదేఱిన రెండోడలలో నొకదానిపై నుండిన సామాన్యుడు. ఆ యోడ పేరు కోర్బే. 1602 జూలై 2వ తేదీన నది మాలదీవులలోని గోయిదూ వలయమున పగడపుదిబ్బపై నెక్కి పగిలినది.

మాలదీవులు సుమారు 1,200 చిన్నదీవులు. భూమధ్యరేఖకు దిగువ మొదలుకొని యుత్తరమునకు 800 కిలోమీటర్లకు మించి, తెగిన పూసలదండవలె నవి పఱచుకొనియున్నవి. అవి చాలవఱకు నీటికి నిలువెత్తు మించి లేవవు. కావున నావికునకు దూరమునుండి కనబడవు. కనబడునప్పటికి ఓడ దిబ్బపై నుండును. రాజరాజచోళుడు జయించితినని చెప్పుకొన్న 'పండ్రెండువేల ప్రాతదీవు' లివియే యని చరిత్రకారుల యభిప్రాయము. మనకు నివి పరదేశపు వింతలు కావు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణమునుండి యెఱ్ఱసముద్రమునకు పోయిన యోడలు సింహళమును చుట్టి పడమరకు మఱలినపుడు ఈ దీవుల భయమును దాటవలసినవే. మన యిండ్లలో వైకుంఠపాళి యాడిన గవ్వలకును ఈ దీవులే పుట్టినిల్లు. 'దివి' యనగా దీవి యని తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కృష్ణ సముద్రమున గలియుచోట మన దివిసీమయే యున్నది.

పిరార్దు మొదలగువారు చెదరిన యోడనుండి ఎటులో బయటపడి దగ్గఱి దీవి చేరిరి. ప్రాణములు దక్కినవి, సొమ్ము దక్కలేదు. ఆ దేశమున సముద్ర మొడ్డునకు త్రోసిన ప్రతివస్తువును సుల్తానుదే. అంబరు దొరకినను, ఎక్కడనుండియో తేలివచ్చు సముద్రపు టెంకాయ దొరకినను, ఓడ పగిలి మూటలు దొరకినను నంతే. దాచినవానికి కఠినశిక్ష. ఓడలోనివారు కొంత వెండి నడుములకు కట్టుకొని తెచ్చి భూమిలో పాతిపెట్టిరి. ఆకలికి తాళలేక త్రవ్వి కొంచెము కొంచెముగ తీసి తిండి కొనిరి. ధనము లేనివారికి తిండి లేదు. జ్వరములచే పెక్కుమంది మరణించిరి. పిరార్దు మాత్ర మా దేశభాష నేర్చి, రాజుగారి దయకు పాత్రుడై, 1607లో బంగాళమునుండి వచ్చిన దండు మాలెను కొల్లగొట్టువఱకు నయిదేండ్లచట నుండెను. స్వదేశము చేరి 1611లో గ్రంథము ప్రకటించెను. తాను బందీగ నుండియు నా ప్రజలను దూషింపక, వారి యిండ్లను, పండుగలను, పడవలను, మాటలను శ్రద్ధతో వ్రాసికొన్నవాడతడు. గ్రంథము చివర మాలదీవుల పదపట్టిక యొకటి చేర్చెను. భాషాశాస్త్ర మభ్యసించువారి కిది గమనింపదగినది.

ఆ దీవులవారిని క్రూరులని త్రోసిపుచ్చుట సులభము. కాని వారి దేశమున ఇనుము లేదు, లోహములు లేవు, పెద్దమ్రాను లేదు. టెంకాయపలకలకు బెజ్జములు వేసి కొబ్బరినారతో కుట్టి పడవలు చేసికొనెడివారు. 14వ శతాబ్దిలో నచట ఖాజీగ నుండిన ఇబ్ను బతూతా ఈ కుట్టుపడవలను వర్ణించియున్నాడు. మేకులు కొట్టిన యోడ రాతికి తగిలినచో విరియుననియు, కుట్టిన పడవ వంగి నిలుచుననియు నతని మాట. అట్టిచోట నొక పెద్దయోడ పగులుట యనగా నొక గని తెఱచుకొనుటయే. కావుననే రాజు దానిని ఇతరుల చేత పడనీయలేదు. పేదతీరమున ఓడపగులు పంటవంటిది. ఆ పంటపై మొదటి హక్కు తనదని ప్రభువు చెప్పుట సహజముగ తోచియుండును.

ఈ యాచార మొక్క మాలదీవులదే యైనచో మన ప్రసంగమునకు పనికిరాదు. 13వ శతాబ్ది చివర మలబారుతీరమున బోయిన మార్కోపోలో, ఏలిమలవద్ద మఱియొక రేవునకు బయలుదేఱిన యోడ గాలిచే తరుమబడి తమ నదీముఖమున లంగరు దించినచో నచటివారు దానిని దోచుకొందురని వ్రాసెను. దైవమే నిన్ను మావద్దకు పంపెనని వారి వాదమట! తమ రేవునకే యుద్దేశించి వచ్చిన యోడ నైన గౌరవముతో నాదరింతురు. ఇది హిందూదేశమున నంతటను గల మర్యాద యనికూడ నతడు వ్రాసెను. 'అంతట' ననుట యాత్రికుల యలవాటు; దానిని తూచి తీసికొనవలెను. కాని యీ ధర్మములోని తర్కము గమనింపదగినది. ఉద్దేశముతో వచ్చినవా డతిథి. గాలి తెచ్చినది దైవదత్తము.

ఇబ్ను బతూతా వ్రాసిన దింకను స్పష్టము. 1342లో కళ్లికోటరేవున తుపాను పుట్టి, ఢిల్లీ సుల్తాను మహమ్మదుబిన్ తుగ్లకు చీనాచక్రవర్తికి పంపిన కానుకలతో గూడ నొక మహానౌక పగిలినది. మరునాడు ఇబ్ను బతూతా ఒడ్డున చూచిన దృశ్య మిది: సామూరి మహారాజు నడుమునకు తెల్లనివస్త్రము చుట్టి, పాదరక్షలు లేక, శిరముపై నొకడు గొడుగు పట్టగా సముద్రతీరమున నిలిచియున్నాడు. అతని భటులు ఓడసొమ్ము నేరుకొనవచ్చిన జనమును కొట్టి తరుముచున్నారు. మలబారునందంతట పగిలినయోడ సొమ్ము రాజభాండారమునకు చేరుననియు, ఒక్క కళ్లికోటలో మాత్రము సొంతదారునకే యిత్తురనియు, అందువలననే యా పట్టణము వర్ధిల్లెననియు నతడు వ్రాసెను. నూఱేండ్లకు, 1442లో వచ్చిన పారసీకరాయబారి అబ్దుర్రజాకు కళ్లికోటను గూర్చి యిట్టి మాటయే చెప్పెను. ఆ పగిలిన కానుకలను పంపిన తుగ్లకే, ఉలూఘ్‌ఖాను అను పేరున యువరాజుగ 1323లో ఓరుగంటిని పట్టుకొని కాకతీయవంశమును కూలద్రోసినవాడు. కాకతీయుడు తూర్పుతీరమున శాసించిన ధర్మమును, కాకతీయులను నిర్మూలించినవాని కానుకలకు పడమటితీరమున వేఱొక రాజు పాటించెను. చరిత్రలో నిట్టి కలయికలకు గొప్ప యర్థము కల్పింపరాదు. కాని చూచినపుడు మనస్సు నిలుచును.

ఇప్పుడు మోటుపల్లికి వత్తము. మన తూర్పుతీరమున పగడపుదిబ్బలు లేవు. ఇచటి యపాయము వేఱు. ఓడలు నిలుచుటకు కొండచాటు గాని లోతైన యాఖాతము గాని లేక, నిడుపైన యిసుకతీరము తెఱపిగ నుండును. ఓడ దూరమున లంగరు దించవలెను. సరకును చిన్నపడవలపై నలలు దాటించి తేవలెను. ఆశ్వయుజ కార్తికమాసములలో తుపాను లేచినచో నోడకు దాగుచోటు లేదు. 1746 అక్టోబరులో చెన్నపట్టణపు రేవున లాబూర్దొనే నౌకాదళము నొక్కరాత్రిలో చెదరగొట్టిన గాలి యిట్టిదే. కోరంగిని 1789లోను 1839లోను, మచిలీపట్టణమును 1864 నవంబరు 1వ తేదీనను ఉప్పెనలు ముంచినవి. మచిలీపట్టణపు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెన మనలో పెద్దవారు చూచినదే. 13వ శతాబ్దిలో గాలి యింతకంటె మెత్తగ వీచినదని తలప నక్కఱలేదు.

కొన్నేండ్ల క్రిందట కొందఱు పరిశోధకవిద్యార్థులతో నాంపల్లి స్టేషనులో రాత్రిబండి యెక్కి, తెల్లవారి చీరాలలో దిగి, దక్షిణముగ మోటుపల్లి పోయితిని. పూర్వము గుంటూరుమండలము బాపట్లతాలూకాలోను, పిమ్మట ప్రకాశముజిల్లాలోను ఉండి, 2022 నుండి బాపట్లజిల్లాలో చేరిన చిన్నగ్రామ మది. సముద్రము వెనుకకు జరిగినది. రేవున్న జాడ చూపువారు లేరు. వీరభద్రాలయ మండపమున నొక స్తంభముపై శాసనము. దేశ్యుయ్యక్కొండపట్టణ మని మోటుపల్లికి మఱియొక పేరుండెడిది. 'దేశి' యనగా దేశదేశముల తిరుగు వర్తకసంఘము. పేరునుబట్టియే యిది వర్తకుల యూరు.

శాసనమునకు 1909లో మద్రాసు శాసనశాఖవారు ప్రతి తీసిరి. హుల్జు పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటమున దీనిని పరిష్కరించి ప్రకటించెను. రాజవంశవర్ణనము, అభయవాక్యము సంస్కృతము. సుంకముల పట్టిక తెలుగు. ఈ విభాగమును మనము శైలీవిషయముగ మాత్రము చూచితిమి. నాకు తోచున దేమన, సంస్కృతము వాగ్దానమునకు, తెలుగు అమలునకు. దేశాంతరములనుండి వచ్చు సాంయాత్రికుల పెద్దలకు, రానున్న రాజులకు వినిపించుటకు సంస్కృతము. తూనికవద్ద కూర్చుండు సుంకరి చదివి లెక్క వేయుటకు తెలుగు. చందనము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవాది, కర్పూరతైలము, రాగి, సీసము, పట్టునూలు, పవడము, మిరియములు, పోకలు అను వీని పేర్లు నాడు రేవున వినబడిన తెలుగులో నందున్నవి. పదుమూడవ శతాబ్దిలో బజారుతెలుగు ఎట్లుండెనో కావ్యములు చెప్పవు. ఈ పట్టిక చెప్పును.

అభయవాక్య సారాంశ మిది. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు బయలుదేఱి, పెనుగాలికి చిక్కి, పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సమస్తమును పూర్వరాజులు బలాత్కారముగ గైకొనుచుండిరి. ప్రాణముకంటెను ధనమే గొప్పదని తలచి సముద్రయానమను మహాసాహసమునకు పూనినవారికి మేము దయచేతను, కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియతసుంకము తప్ప సర్వమును విడిచిపెట్టుచున్నాము. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు.

ఇందు రెండు మాటలపై నేను నిలువదలచితిని. మొదటిది 'పూర్వరాజులు.' మనము గణపతిదేవుని దయను కొనియాడుదుము గాని, యీ వాక్యము దయాప్రకటన మగుటకు ముందు ఒక యొప్పుకోలు. మన తీరమున కూడ ఓడ పగిలిన సొమ్ము రాజు దోచెడివాడు. మోటుపల్లి కాకతీయులకు వెలనాటి జయమువలన వచ్చినది. కావున నా పూర్వరాజులలో వెలనాటిచోడులును, వారికి పైవారైన చాళుక్యచోళులును చేరుదురనుట తప్పుగాదు. మాలదీవుల సుల్తానును, ఏలిమలవారిని అనాగరికులనుట కింక మనకు వీలులేదు. వారి యాచారమే మన యాచారము. మనవాడొకడు దానిని మానెను, మానితినని ఱాతిపై వ్రాయించెను. ఆ ఱాయి లేకున్నచో పూర్వపుదోపిడియు మనకు తెలిసెడిది కాదు.

రెండవది నియతసుంకము. శాసనమున దీనికి 'క్లుప్తశుల్క' మని పేరు. సంస్కృతమున క్లుప్త మనగా ఏర్పఱుపబడినది, నిశ్చితమైనది. తెలుగున నీ మాట సంక్షిప్త మను నర్థమునకు మాఱిపోయినది. అందువలన నొక విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున 'తగ్గింపుసుంక' మని వ్రాసి తెచ్చెను. తగ్గింపో కాదో పిదప చూడవచ్చును. శాసనము చెప్పుచున్నది నిశ్చయమును గూర్చి. వర్తకునకు సుంకము తక్కువ యగుటకంటె ముందుగ తెలియుట ముఖ్యము. ఎంత పోవునో తెలిసినచో నతడు లెక్క వేసికొని బయలుదేఱగలడు. సర్వమును పోవునేమో యను భయమునకు లెక్క లేదు.

శాస్త్రమేమి చెప్పెను? మోటుపల్లి శాసనములకు ప్రతులు తీసిన 1909లోనే, మైసూరున శామశాస్త్రిగారు కౌటిల్యుని యర్థశాస్త్రమును ప్రకటించిరి. అందలి నావధ్యక్షప్రకరణమున, గాలిచే కొట్టబడి వచ్చిన నావను రాజు తండ్రివలె ననుగ్రహింపవలె ననియు, నీట తడిసిన సరకునకు సుంకము పూర్తిగ గాని సగము గాని విడువవలె ననియు విధి యున్నది. పైచూపునకు కౌటిల్యుడే గణపతిదేవునికంటె నుదారుడు; మనరాజు పగిలిన యోడకును పూర్తిసుంకము కట్టించుచున్నాడు గదా యని తోచును. లెక్క వేసి చూడవలెను. అర్థశాస్త్రమున దిగుమతి సరకులపై సామాన్యసుంక మైదింట నొకపాలు. పట్టు మొదలగు కొన్నింటిపై పదింటనో పదునైదింటనో నొకపాలు. మఱికొన్నింటిపై నింకను తక్కువ. ఐదింట నొకపాలులో సగము పదింట నొకపాలు. అది మోటుపల్లి సుంకమునకు మూడురెట్లు. పదునైదింట నొకపాలులో సగ మైనచో సరిగ ముప్పదింట నొకపాలు! ఈ సరిపోలికనుండి సంబంధము సాధింపబూనుట సాహసమే యగును. నేను చెప్పదలచిన దింతయే: పగిలిన యోడకు కౌటిల్యుడు చేయుమన్న తగ్గింపు పెక్కు సరకులకు వచ్చిన ఫలమును, గణపతిదేవుడు మంచియోడకును చెడినయోడకును సమానముగ నిచ్చెను.

ధర్మశాస్త్రములు వేఱొకటి చెప్పును. సొంతదారు తెలియని ధనమును రాజు మూడేండ్లు నిలిపియుంచవలెను. ఆలోపల వచ్చి గుర్తు చెప్పినవానికి తిరిగి యీయవలె నని మనువు. గణపతిదేవుని కాలముననే, తిక్కన సన్నిధిని మెలగిన మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయ మను పేరున తెలుగు చేసెను. అనగా శాసనము చెక్కబడిన కాలముననే ధర్మశాస్త్రము తెలుగుపద్యముగ మాఱుచున్నది. నేలపై తప్పిపోయిన యెద్దునకు మూడేండ్ల గడువుండగా, ఒడ్డున సొంతదారు తడిబట్టలతో నిలుచుండియు నతని మూటలు రాజువగుట యే ధర్మము? సొంతదారు కంటియెదుట నున్నను సముద్రము చేతులు మార్చినదని భావించుటయే యీ దురాచారమునకు మూలము. మార్కోపోలో చెప్పిన 'దైవదత్త' వాద మిదియే. కేతనయే తెలుగు చేసిన దశకుమారచరిత్రమున రత్నోద్భవుని యోడ మునుగును, గర్భవతియైన భార్య పలకపై తేలి యొడ్డు చేరి పుత్రుని కనును, తుదకందఱును కలిసికొందురు. మన కావ్యములలో నోడ పగులుట వియోగమునకును సంయోగమునకును కారణము. సరకు సంగతి కావ్యమునకు పట్టదు. అది ఱాతిశాసనమునకు పట్టినది.

ఐరోపాలో నీ సమస్యను వేఱొకరీతి పరిష్కరింపజూచిరి. 1179లో రోమునందు సమావేశమైన మతసభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచువారిని మతబహిష్కృతుల జేసినది. ఇంగ్లండున 1275 నాటి వెస్ట్‌మినిస్టరు శాసనము ప్రకారము, ఓడనుండి మనిషి గాని కుక్క గాని పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో నది పగిలిన యోడ కాదు. సరకును ఏడాది నొకదినము నిలిపియుంచి సొంతదారున కీయవలెను. పిల్లి చచ్చినచో సర్వము రాజుదే. నవ్వు వచ్చును గాని యిందును దయ యున్నది; ఐనను రాజు హక్కు మూలమున నట్లే నిలిచియున్నది. మోటుపల్లిలో నా హక్కునే విడిచిరి. ఇది ముప్పదియేండ్లు ముందుదని గర్వించుట నాకిష్టము లేదు. అన్ని తీరములందును ఆ కాలమున నీ ప్రశ్న తలయెత్తుచుండె ననుటయే సత్యమునకు దగ్గఱ.

గణపతిదేవుడు దయ, కీర్తి, ధర్మము అని మూడు కారణములు చెప్పెను. చెప్పని నాలుగవది యుండవలెను. ఓడ పగులుట యెప్పుడో యొకసారి, సుంకము ఏటేట. పగిలిన యోడను దోచిన రేవునకు మంచియోడ రాదు. కాకతీయసైన్యమునకు గుఱ్ఱములు కావలెను. అవి ఓడలపై రావలెను. శాసనము పేర్కొన్న సొమ్ములలో నేనుగులు, గుఱ్ఱములు బంగారముతోపాటు ముందుండుట నూరక కాదు. కళ్లికోటను గూర్చి ఇబ్ను బతూతా పలికిన మాట మోటుపల్లికిని చెల్లును. ఇట్లనుటచే రాజు దయ బూటకమని నా భావముగాదు. ధర్మమును ఆదాయమును కలిసి నడచునట్లొక నియమము నేర్పఱచుట ధర్మమును కీర్తించుటకంటె కష్టము. ఆతని కుమార్తె రుద్రమదేవి పాలనమున మార్కోపోలో మోటుపల్లి పేర దేశమును వర్ణించి, వజ్రములను, సాలెపట్టువంటి సన్నబట్టలను మెచ్చుకొనెను. రాణి భర్తృమరణానంతరము నలువదేండ్లు పాలించెనని పొరబడియును, ఆమె న్యాయపాలనమును పొగడెను. ఇతరచోట్ల నోడలను దోచుకొందురని వ్రాసినవా డీ దేశమును గూర్చి యట్టి మాట వ్రాయలేదు.

1323 తరువాత సంగతి క్లుప్తముగ (తెలుగర్థమున) చెప్పవచ్చును. రాజ్యము పోయినపుడు రాజిచ్చిన యభయము పోవును. కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో, శకవర్షము 1280న, అదే మోటుపల్లిలో మరల ధర్మశాసనము వేయింపవలసి వచ్చెను. ఇది సంస్కృతము, తెలుగు, అరవము మూడుభాషల నున్నది; వర్తకు లెవరో భాషలే చెప్పుచున్నవి. మోటుపల్లిలో కాపురముండవచ్చినవారిని గౌరవించి భూమి నిత్తుము, పోదలచినపుడు అడ్డగింపము, సరకును వారి యిష్టమువచ్చినవారి కమ్ముకొనవచ్చును, బలాత్కారముగ తీసికొనము, బంగారు వెండులపై సుంకము లేదు, అపుత్రికదండము లేదు అని దాని సారము. ఈ కడపటిది మన ప్రసంగమునకు దగ్గఱిది. పుత్రులు లేక చనిపోయినవాని ధనము రాజుదను హక్కును, పగిలిన యోడ ధనము రాజుదను హక్కును ఒక తల్లి బిడ్డలు. రెండింటను మృత్యువో సముద్రమో సొంతదారును తప్పించుచున్నది; ఆ ఖాళీలో రాజు చేయి చాచుచున్నాడు. 1244లో నొక చేయి, 1358లో మఱియొక చేయి వెనుకకు తీసికొనిరి. ఈ రెండు శాసనములను వేఱువేఱు వంశముల చరిత్రలలో చదువుటవలన వీని బాంధవ్యము మన కంటికి కనబడుట లేదు. పరిశోధకవిద్యార్థులు వీనిని ప్రక్కప్రక్కన నుంచి, రాజహక్కుల చరిత్రగ చదివి చూడవలెనని నా కోరిక.

కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములను సమకూర్చిన యవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చెను. ఆ కావ్యపీఠికలో సెట్టి తెప్పించిన సరకులతోడను, అవి వచ్చిన దీవులతోడను ఓడపేర్లు కొన్ని వినబడును. కప్పలి, జోంగు అనునవి అందులోనివి. కప్పలి తమిళమునను మలయుభాషయందును ఓడకు పేరు. జోంగు తూర్పుదీవుల పెద్దయోడ. ఈ మాటలు నిఘంటువులనుండి శ్రీనాథుని చేతికి రాలేదు, రేవునుండి వచ్చినవి. ఆ యోడలు తెచ్చిన కర్పూరము, చందనము, ముత్యములు, చీనాంబరములు ఏ పాటి సుంకము కట్టెనో మోటుపల్లి స్తంభముపైనున్న తెలుగుపట్టికను ప్రక్కన పెట్టుకొని పీఠికను చదివినచో సరకు వెంట సరకుగ పోల్చి చూడవచ్చును.